ఊరుకానివాడి కెమెరా

రొట్టెల పండగ దగ్గర పడిందంటే నెల్లూరులో ఒక మాట మొదలవుతుంది. ఫ్లెమింగో ఫెస్టివల్‌కి సూళ్లూరుపేటలో అదే మాట, రాకెట్ ఎగిరే రోజు శ్రీహరికోట రోడ్డు మీదా అదే, ఆగస్టు పదిహేను సాయంత్రం టీకొట్టు దగ్గరా అదే. "ఎక్కడినుంచో ఊడిపడ్డవాడికి మన పండగ గురించి ఏం తెలుసు? వాడు తీసేదంతా బురద, చెత్త, చిరుగులు. మన పరువు తీసి అమ్ముకుంటాడు." ఇలా అనేవాళ్లలో చదువుకోనివాళ్లే ఉన్నారనుకుంటే పొరపాటు. కాలేజీ మాస్టర్లున్నారు, ఉత్సవ కమిటీల పెద్దలున్నారు, స్టూడియో నడిపే ఫోటోగ్రాఫర్లూ ఉన్నారు.

వాళ్ల వాదనను పలచన చేసి కొట్టడం తేలిక. పూర్తి బలంతోనే ముందు పెడతాను. పండగ చూసేది కాదు, చేసుకునేది అంటారు వాళ్లు. అమ్మ కొంగు పట్టుకుని స్వర్ణాల చెరువులో దిగినవాడికి రొట్టె చేతులు ఎందుకు మారుతుందో తెలుస్తుంది. రైలు దిగి మెడలో కెమెరాతో వచ్చినవాడికి తడిసిన చీరలూ తోపులాటే కనిపిస్తాయి. వాడికి రేపు ఈ ఊరితో పనిలేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇక జాతీయ పండగైతే మరీను: దేశం తలెత్తుకుని నిలబడే రోజున, ఇక్కడి ఉప్పు తింటున్న వలసవాడు లోపాలు ఏరడం మర్యాద కాదు. ఇదీ వాదన.

ఈ కోపం గాలిలోంచి పుట్టలేదు. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' కోసం దొరలు మన మనుషులను కులాలవారీగా నిలబెట్టి ఫోటోలు తీయించారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీదా తెగల మీదా ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ముక్కుల కొలతలు, తలల కొలతలు అన్నీ ఉన్నాయి. అందులో మన యానాదులూ ఉన్నారు. కెమెరా పట్టుకున్న పరాయివాణ్ణి చూస్తే మనకు ఒళ్లు మండడంలో వింతేమీ లేదు. అనుమానించండి, ఒప్పుకుంటాను. అయితే అనుమానం నుంచి నిషేధానికీ, నిషేధం నుంచి 'తీస్తే పొగుడుతూ తీయాలి' అనే ఆజ్ఞకూ ఒక్క గెంతులో చేరిపోతున్నారు. ఆ గెంతుకి కింద నేల లేదు.

1. 'ఇక్కడివాడు' అంటే ఎవరు?

రొట్టెల పండగ జరిగే బారాషహీద్ దర్గా గురించి మనవాళ్లు చెప్పుకునే కథలోంచే మొదలుపెడదాం. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగిన పన్నెండుమంది వీరుల మొండేలను వాళ్ల గుర్రాలే చెరువు గట్టుకు మోసుకొచ్చాయట. తర్వాత ఒక రాత్రి చెరువు దగ్గర నిద్రపోయిన చాకలి ఇల్లాలికి ఆ వీరులు కలలో కనిపించి, తమ సమాధుల మట్టి ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయం చేస్తుందని చెప్పారట. నయమైంది. నవాబు నెల్లూరు వచ్చి మొక్కు తీర్చుకున్నాడు, రొట్టెలు పంచుకున్నారు. కథను నమ్మినా నమ్మకపోయినా దాని అమరిక చూడండి. అందులో నెల్లూరు మనిషి ఒక చాకలి ఇల్లాలు. జబ్బు ఆర్కాటుది, మొక్కు ఆర్కాటుది, కృతజ్ఞత చెప్పడానికి వచ్చినవాడు ఆర్కాటువాడు. పరాయివాణ్ణి తీసేస్తే ఈ పండగకు కథే మిగలదు.

ఇవాళ్టి పండగ సంగతీ అంతే. మొహర్రం నెలలో అయిదు రోజులు చెరువు నిండిపోయేది నెల్లూరు వాళ్లతో మాత్రమే కాదు. కర్ణాటక, తమిళనాడు, తెలంగాణ, మహారాష్ట్ర నుంచి బస్సులు దిగుతాయి. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగ చేసింది కూడా ఈ జనాన్ని చూసే. కోరికను బట్టి ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె ఉన్నట్టే విదేశీ రొట్టె కూడా ఉంది. వీసా కోసం దాన్ని పట్టుకునేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. వలస పోవాలని నీళ్లలో నిలబడి మొక్కుకునే చోట, వలస వచ్చినవాడికి ఏమీ తెలియదని తీర్పు చెప్పడం ఎంత విడ్డూరమో వేరే చెప్పాలా?

ఇక తీరానికి వద్దాం. మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా వేట మీద బతికే పట్టపువాళ్ల ఇళ్లలో మాట్లాడే భాష తెలుగు కాదు, తమిళం పాలు హెచ్చుగా ఉన్న పట్టపు మాట. వాళ్ల పెద్దలు దక్షిణం నుంచి ఈ ఒడ్డు వెంబడే పైకి వచ్చారని ఆ భాషే సాక్ష్యం చెబుతుంది. గంగమ్మకు పొంగలి పెట్టేటప్పుడు వాళ్లను 'మీరెక్కడివాళ్లు' అని ఎవరమైనా అడుగుతున్నామా? ఎన్ని తరాలు గడిస్తే వలసవాడు ఊరివాడవుతాడో ఈ వాదన చేసేవాళ్లు ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పలేరు కూడా. ఎందుకంటే గీత ఎక్కడ గీసినా వాళ్ల ముత్తాతల్లో ఎవరో ఒకరు దానికి అవతల పడతారు.

ఆ గీత మనుషుల కన్నా ముందు కదులుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. ఆ ఉదయం నిద్రలేచేసరికి సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉన్నాయి. ముందురోజు దాకా 'మన నెల్లూరు జిల్లా రాకెట్ కేంద్రం' అన్న నోళ్లు ఏం చేయాలి? సూళ్లూరుపేట ఫోటోగ్రాఫర్‌కి రొట్టెల పండగ మీద ఉన్న అవగాహన రాత్రికి రాత్రే చెరిగిపోయిందా?

ఫ్లెమింగో ఫెస్టివల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2001లో మొదలైన ఆ పండగ పేరే వలస పక్షిది. కచ్ఛ్ రాన్‌లో గూళ్లు పెట్టుకుని చలికాలానికి పులికాట్ సరస్సులో దిగే పక్షికి స్వాగత తోరణాలు కట్టి, అదే పక్షిని తీయడానికి వచ్చిన మనిషిని 'ఎక్కడినుంచి తగలడ్డావు' అంటున్నాం.

2. 'వలసవాడి కన్ను తప్పుల మీదే పడుతుంది'

ఈ మాటకు అందరూ చూపించే సాక్ష్యం ఒకటుంది. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారక కక్ష్యలో చేరింది. కొద్ది రోజులకే న్యూయార్క్ టైమ్స్ ఒక కార్టూన్ వేసింది: అంతరిక్ష క్లబ్బులో సూటు బూటు పెద్దమనుషులు కూర్చుని ఉంటే, ఆవును తోలుకుని తలపాగా రైతు ఒకడు తలుపు తడుతుంటాడు. మనకు మండింది, న్యాయంగానే మండింది. పత్రిక క్షమాపణ చెప్పింది. "చూశారా, బయటివాడి బుద్ధి" అన్నారు మనవాళ్లు.

అయితే ఇంకో బొమ్మ ఉంది. సైకిల్ మీద రాకెట్ ముక్కు భాగాన్ని పెట్టుకుని తీసుకుపోతున్న ఫోటో. చంద్రయాన్ ఎగిరినా, ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం వచ్చినా మన ఫోన్లన్నిటిలో తిరిగేది అదే. 'సైకిల్ నుంచి చంద్రుడి దాకా' అని కింద రాసుకుని ఛాతీ పొంగించుకుంటాం. దాన్ని 1966లో కేరళలోని తుంబాలో తీసింది ఆన్రీ కార్టియే బ్రెసోఁ అనే ఫ్రెంచివాడు. ఇవాళ మన దేశాభిమానానికి గుర్తుగా నిలిచిన ఫోటో పరాయివాడి చేతి పని. పైగా అది పేదరికం కనిపించే ఫోటో. రాకెట్‌ను మోయడానికి లారీ లేని దేశం అందులో ఉంది. ఇవాళ నెల్లూరులో వినిపించే కొలబద్దతో కొలిస్తే 1966లో దాన్ని చించి పారేయాలి: పరాయివాడు, లేమిని తీశాడు, దేశ గౌరవ కార్యక్రమంలో తీశాడు. మూడు నేరాలూ ఉన్నాయి.

కార్టూన్‌కీ ఆ ఫోటోకీ తేడా ఎక్కడుంది? రెండింటినీ చేసింది మనవాళ్లు కాదు. రెండింటిలోనూ పేద దేశమూ అంతరిక్షమూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బల్ల దగ్గర కూర్చుని ఊహించి గీసింది. రెండోది ఇసుకలో నిలబడి, ఎదురుగా జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టు పట్టుకున్నది. ఊహలో ఉన్న రైతు తలుపు తడుతూ ఆగిపోయాడు. ఫోటోలో మనుషులు పని చేస్తున్నారు. తీర్పు చెప్పాలంటే ఇక్కడ చెప్పాలి. పాస్‌పోర్టు చూసి చెబితే రెండూ ఒకే కట్టలో పడతాయి, మన గర్వం కూడా చెత్తబుట్టలో పడుతుంది.

ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. రాజా దీన్ దయాళ్ హైదరాబాదీ కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇందోర్‌లో ఉద్యోగం చేశాడు, తర్వాత దక్కనుకు వలస వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. ఆయన తీసిన దర్బార్లు, విందులు, వేట యాత్రలు చూడండి. వెతికినా ఒక్క చిరుగు కనబడదు. కరువు సాయం మీద తీసిన ఫోటోల్లో సైతం ముందు కనిపించేది ప్రభువుల దయ. గొప్ప ఫోటోగ్రాఫర్, నాకు అనుమానం లేదు. వలసవాడు తప్పులే వెతుకుతాడన్న సూత్రం నిజమైతే మాత్రం ఆయన పుట్టి ఉండకూడదు.

కాబట్టి ఫోటో ఎటు మొగ్గుతుందో నిర్ణయించేది తీసినవాడి పుట్టుక కాదు, తీయించుకున్నవాడి అవసరం. దీన్ దయాళ్‌కు నిజాం జీతం ఇచ్చాడు. మన ఊళ్లో స్టూడియో నడిపేవాడికి ఏడాది పొడుగునా పెళ్లిళ్లు, ప్రారంభోత్సవాలు, సన్మానాలు ఎవరి దగ్గరనుంచి వస్తాయి? ఉత్సవ కమిటీలో కూర్చునే పెద్దల దగ్గరనుంచే. అతన్ని తప్పు పట్టడం లేదు, అతనూ పిల్లలను చదివించుకోవాలి. వాదన చేసేవాళ్లు 'బయటివాడు ఎవరికీ జవాబుదారీ కాడు' అని ఆక్షేపిస్తున్నారు కదా. ఆ మాటను ఇటు తిప్పి చదవండి: లోపలివాడు చాలామందికి జవాబుదారీ. అందుకే పులికాట్ అంటే గులాబి రెక్కలు, రొట్టెల పండగ అంటే పైకెత్తిన చేయి, శ్రీహరికోట అంటే పొగతోక. ప్రతి ఏడూ ఇవే మూడు ఫోటోలు, తేదీ మార్చుకుని.

రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడి, సరస్సులోకి ఉప్పునీరు రాక, వేట పోయి పులికాట్ జాలర్లు మొత్తుకుంటున్న సంగతి ఫ్లెమింగో ఫెస్టివల్ పోస్టర్ మీద చూశారా? ఎండిన సరస్సులో పక్షికీ పని లేదు, వలకీ పని లేదు. ఇది స్థానికులకు తెలియని రహస్యమేమీ కాదు. పోస్టర్‌కి ఎక్కకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు.

3. 'జాతీయ పండగ రోజున సంబరమే చూపాలి'

అన్నిటికన్నా గట్టి మాట ఇదే. దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి.

ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1924లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో యూదు కుటుంబంలో పుట్టి 1947లో న్యూయార్క్ చేరాడు. 1955లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ దొరికితే పాత కారు వేసుకుని అమెరికా అంతా తిరిగాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వేల ఫోటోలు తీసి అందులో 83 ఏరుకుని 'ది అమెరికన్స్' అన్నాడు. పుస్తకం 1958లో ముందు పారిస్‌లో, 1959లో అమెరికాలో వచ్చింది. మొదటి ఫోటోయే న్యూజెర్సీలోని హోబోకెన్ ఊరేగింపుది. ఊరేగింపు ఎక్కడా కనిపించదు. ఇటుక గోడ, రెండు కిటికీలు, చూస్తున్న ఇద్దరు స్త్రీలు, వాళ్లలో ఒకరి ముఖాన్ని కప్పేస్తూ ఎగురుతున్న జాతీయ జెండా. ఇంకో ఫోటో న్యూయార్క్ రాష్ట్రంలో జే అనే పల్లెలో జులై 4 స్వాతంత్ర్య దినోత్సవ వేడుక: వేలాడదీసిన పెద్ద జెండాకు మాసికలు.

అమెరికా పత్రికలు అతని మీద విరుచుకుపడ్డాయి. మసక ఫోటోలన్నారు, దేశాన్ని ద్వేషిస్తున్నాడన్నారు. పుస్తకం రాకముందే 1955 నవంబర్‌లో ఆర్కాన్సా రాష్ట్రంలోని మెక్‌గీ ఊళ్లో పోలీసులు అతన్ని గంటల తరబడి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. యాస వేరు, కారు నంబరు న్యూయార్క్‌ది, లోపల కెమెరాలు. కమ్యూనిస్టు అయి ఉంటాడని అనుమానం. మన టీకొట్టు మాటకూ ఆ పోలీసుల మాటకూ తేడా భాషలోనే ఉంది.

అదే ఏడాది న్యూ ఓర్లియన్స్‌లో ఫ్రాంక్ ఒక ఊరేగింపును తీస్తున్నాడు. తీస్తూ తీస్తూ వెనక్కి తిరిగాడు. వెనక ట్రాలీ బండి ఒకటి వెళుతోంది. ముందు కిటికీల్లో తెల్లవాళ్లు, వెనక కిటికీల్లో నల్లవాళ్లు. ఒక్కటే ఫోటో తీశాడు. కొద్ది వారాలకు, 1955 డిసెంబర్ 1న, మాంట్‌గోమరీలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనని కూర్చుంది. ఊరేగింపు ఇవాళ ఎవరికీ గుర్తులేదు. వెనక్కి తిరిగి తీసిన ఫోటో లేకుండా ఆ దేశ చరిత్ర పుస్తకం అచ్చుకావడం కష్టం. 2009లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆ పుస్తకానికి యాభయ్యేళ్ల ప్రదర్శన పెట్టింది. దేశద్రోహం అన్నది అయిదు దశాబ్దాల్లో దేశపు సొత్తు అయింది.

ఆ ట్రాలీ రోజూ నడిచేదే. ఊరివాళ్లు రోజూ ఎక్కేదే. అందుకే అది వాళ్లకు ఫోటో కాలేదు. బయటినుంచి వచ్చినవాడికి తెలివి ఎక్కువని నేననను. అతనికి ఇంకా అలవాటు పడలేదు, అంతే. ఆ అలవాటు పడకపోవడమే మన పండగలకు కావలసిన వస్తువు, దాన్నే మనం గేటు దగ్గర ఆపేస్తున్నాం.

శ్రీహరికోటకు దీన్ని పట్టించి చూడండి. 1969లో ఈ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి రాకెట్ లేచింది, 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 వెళ్లింది. ఆ రోజు ఈ తీరంలో ఎవరి ఒళ్లు పులకరించలేదు? నాదీ పులకరించింది. అయితే పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ దీవిలో రాకెట్లకు ముందు యానాదులున్నారు. అడవి సరుకు, తేనె, చేపలు వాళ్ల బతుకు. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు వాళ్లను ఖాళీ చేయించారు. సందర్శకుల గ్యాలరీలో వేలమంది ఫోన్లు ఎత్తి ఆకాశం వైపు చూస్తున్నప్పుడు, ఎవడో ఒకడు, ఎక్కడివాడైనా సరే, వెనక్కి తిరిగి ఆ కుటుంబాల పిల్లలు ఏ కాలనీ మిద్దె మీదినుంచి రాకెట్ చూస్తున్నారో తీస్తే రాకెట్‌కి వచ్చే లోపం ఏమిటి? ఇంధనం తగ్గుతుందా? కక్ష్య తప్పుతుందా? జాతీయ పండగ అన్నాక జాతిలో వాళ్లు లేరా?

ఇక్కడ ప్రత్యర్థులు ఒక ఎత్తు వేస్తారు. "తీయొచ్చు, కానీ ఆ రోజే తీయాలా? మిగతా 364 రోజులు లేవా?" వినడానికి సౌమ్యంగా ఉంటుంది. మిగతా 364 రోజులు ఆ కాలనీ వైపు ఏ కెమెరా వెళుతోందో చెప్పమనండి. చూపు అంతా ఒక చోట చేరే రోజునే పక్కకు చూపించడానికి అర్థం ఉంటుంది. తర్వాత చూడొచ్చు అనేది ఎప్పుడూ చూడక్కర్లేదనడానికి మర్యాదైన పేరు.

4. 'మన ఆడవాళ్లను తీస్తారు'

ఇందులో నిజం ఉంది, వాదులాట లేదు. నడుంలోతు నీళ్లలో కళ్లు మూసుకుని సంతాన రొట్టె పట్టుకున్న మనిషి ముఖాన్ని అడగకుండా తీయడం నీచం. కానీ ఆ పని చేస్తున్నది ఎవరో గట్టు మీద అరగంట నిలబడి లెక్కపెట్టండి. రీళ్లు చేసే మన కుర్రాళ్లు, డ్రోన్లు ఎగరేసే మన కార్యక్రమ నిర్వాహకులు. అనుమతి అనేది అందరికీ ఒకటే నియమం. దాన్ని ఊరుకానివాడికి మాత్రమే పెట్టి, ఊరివాడికి మినహాయింపు ఇస్తే అది ఆడవాళ్ల మర్యాద గురించి కాదని తేలిపోతుంది.

పైగా వలస ఫోటోగ్రాఫర్ అనగానే మనకు కనిపించేది పెద్ద లెన్సు దొరబాబు. కృష్ణపట్నం ఓడరేవు చుట్టూ, రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడియా, బిహారీ కుర్రాళ్ల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వాళ్లూ పండగకు వస్తారు, తీస్తారు, రాత్రికి ఇంటికి పంపుతారు. గంజాం జిల్లాలో ఒక తల్లి మన రొట్టెల పండగను ఆ ఫోన్లోనే చూస్తుంది. ఆ ఫోటోలు ఎలా ఉంటాయో మనం ఎప్పుడైనా అడిగి చూశామా? మన పండగలో మనం వాళ్లతో ఎలా ప్రవర్తించామో వాటిలో ఉంటుంది. భయం దానికే అయితే ఆ మాటే చెప్పుకోవచ్చు.

5. ఈ నియమాన్ని ఓడ ఎక్కిద్దాం

ఫ్రాంక్ జెండా ఫోటో తీసిన హోబోకెన్ పక్కనే జెర్సీ సిటీ ఉంది. ఇంకొంచెం ముందుకుపోతే ఎడిసన్. అక్కడి అపార్టుమెంట్లలో ఎంతమంది నెల్లూరువాళ్లున్నారో మన వీధుల్లోని ప్రతి రెండో ఇల్లూ చెబుతుంది. విదేశీ రొట్టె తిన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్ల మెడల్లోనూ కెమెరాలున్నాయి, ఖరీదైనవే. జులై 4 కవాతు తీస్తారు, థాంక్స్‌గివింగ్ ఊరేగింపు తీస్తారు, వీధి చివర దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషినీ తీస్తారు. 'అమెరికాలోనూ ఇలా ఉందా' అని ఇక్కడ మనం ఆశ్చర్యపోతాం, నలుగురికి పంపుతాం.

అక్కడ ఒక పోలీసు వచ్చి, "ఎక్కడినుంచో వచ్చావు, మా పండగ నీకేం తెలుసు, కెమెరా దించు" అంటే మనం దాన్ని ఏమని పిలుస్తాం? జాత్యహంకారం అంటాం. టీవీ చర్చ పెడతాం, ఎంబసీకి రాస్తాం. న్యాయమే. అయితే నెల్లూరులో సంస్కృతి పరిరక్షణ అయినది న్యూజెర్సీ చేరేసరికి జాత్యహంకారం ఎలా అయింది? మధ్యలో సముద్రం తప్ప ఇంకేం మారింది?

రెండు చోట్లా ఒకే నియమం ఉండాలంటే రెండే దారులు. ఇక్కడికి వచ్చినవాణ్ణి మనవాడిలాగే తీయనివ్వాలి. అతని ఫోటో అబద్ధమైతే అబద్ధమని చూపించాలి, అవమానమైతే ఎందుకు అవమానమో చెప్పాలి, పుట్టిన ఊరు మాత్రం అడగకూడదు. ఇది మింగుడు పడనివాళ్లకు రెండో దారి ఉంది. ఈ రాత్రే ఎడిసన్‌కి ఫోన్ చేసి, వచ్చే జులై 4న కెమెరా బీరువాలో పెట్టి చప్పట్లు మాత్రమే కొట్టి రమ్మని అబ్బాయికి చెప్పండి.